మ్యూజియంలో ఇంటర్న్‌షిప్: శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రెండు జిల్లాల కాలేజీ పిల్లలను స్థానిక చరిత్ర మ్యూజియాలకు పని నేర్చుకోవడానికి పంపే బాధ్యత చాలా కాలంగా నా మీద ఉంది. ఏటా అవే ప్రశ్నలు వస్తాయి. సగం పిల్లలవి, సగం వాళ్ల అమ్మానాన్నలవి. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను. జవాబుల్లో నా సొంత అభిప్రాయాలు కూడా ఉంటాయి. నచ్చకపోతే పక్కన పెట్టండి.

అక్కడ అసలు ఏం పని ఉంటుంది? దుమ్ము దులిపించడమేనా?

దుమ్ము దులపడం కూడా ఉంటుంది. మెత్తటి బ్రష్షుతో రాతి విగ్రహం మడతల్లోంచి దుమ్ము తీయడం చిన్న పనేమీ కాదు, చెయ్యి కుదురుగా ఉండాలి. కానీ మీ రోజుల్లో ఎక్కువ భాగం కుర్చీలోనే గడుస్తుంది: వస్తువును కొలవడం, వర్ణించడం, రిజిస్టర్‌లో రాయడం, పాత ఎంట్రీలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం. మధ్యలో బడిపిల్లల బస్సు వస్తే వాళ్లను గదులన్నీ తిప్పి చూపించాలి. గడ్డపార పట్టుకుని తవ్వకాలు జరుపుతామని ఊహించుకుని వచ్చేవాళ్లు మొదటి వారంలోనే నీరసపడతారు. అందుకే ముందే చెబుతున్నాను.

ఎక్కడెక్కడ అవకాశం ఉంటుంది?

శ్రీకాకుళం వైపు అందరికీ ముందు గుర్తొచ్చేది శాలిహుండం. గార మండలంలో, కళింగపట్నానికి దగ్గరగా, వంశధార దక్షిణ గట్టున కొండ మీద ఉన్న బౌద్ధక్షేత్రం అది. 1919లో గిడుగు రామమూర్తిగారు దాన్ని వెలుగులోకి తెచ్చారు. అక్కడ దొరికిన శిల్పాలతో చిన్న సైట్ మ్యూజియం ఉంది. అది కేంద్ర పురావస్తు శాఖ కిందిది కాబట్టి అనుమతి వాళ్ల నుంచే రావాలి, దానికి టైం పడుతుంది.

విజయనగరంలో గురజాడ అప్పారావుగారి ఇల్లు స్మారకంగా ఉంది. బొబ్బిలి కోటలో రాజుల వస్తువుల సేకరణ ఉంది. 1757 యుద్ధం కథ తెలియని పిల్లలుండరు కాబట్టి అక్కడికి ఉత్సాహంగానే వెళతారు. ఇవి కాక పాత గ్రంథాలయాలు, దేవస్థానాలు, ఖాదీ సంఘాలు ఉన్నాయి. పేరుకు మ్యూజియం కాకపోయినా వీటిలో చాలాచోట్ల పాత కాగితాలు, వస్తువులు బీరువాల్లో పడి ఉంటాయి. నన్నడిగితే, పెద్ద పేరున్న చోట మూల నిలబడటం కన్నా చిన్నచోట ఒక బీరువా మొత్తం సర్దడం మేలు.

హిస్టరీ గ్రూపు వాళ్లే రావాలా?

అక్కర్లేదు. కెమిస్ట్రీ చదివే పిల్లలకు లోహం ఎందుకు పాడవుతుందో అర్థమవుతుంది. కంప్యూటర్స్ వాళ్లు ఎక్సెల్ షీట్‌ను దారిలో పెడతారు. బీకామ్ వాళ్లు రిజిస్టర్‌ను అద్దంలా ఉంచుతారు. కావలసింది గుండ్రటి చేతిరాత, ఓపిక, తెలుగు తప్పుల్లేకుండా రాయగలగడం.

ఎలా అడగాలి?

డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి కాబట్టి కాలేజీ నుంచి లెటర్ సులభంగానే దొరుకుతుంది. ఆ లెటర్, ఆధార్ కాపీ, 18 ఏళ్లు నిండకపోతే అమ్మ లేదా నాన్న సంతకంతో అంగీకార పత్రం తీసుకుని స్వయంగా వెళ్లండి. వాట్సాప్‌లో "సర్ ఇంటర్న్‌షిప్ ఉందా" అని పెడితే జవాబు రాదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రాగలరు, ఏం చేయగలరు అన్నది ఒక పేజీలో రాసి ఇవ్వండి. మీ ఊరి పేరు తప్పకుండా రాయండి. ఆ ఊరి వస్తువు ఏదో ఒకటి అక్కడ ఉండే ఉంటుంది, మాట అక్కడ మొదలవుతుంది.

డబ్బులిస్తారా?

చాలాచోట్ల ఇవ్వరు. బస్సు ఛార్జీ, మధ్యాహ్నం భోజనం మీవే. ఆడపిల్లలకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు కాబట్టి ఆ భారం కొంత తగ్గింది. మగపిల్లలు కాలేజీ బస్‌పాస్ ఆ రూటుకు పనికొస్తుందో లేదో ముందే చూసుకోవాలి. జీతం లేని పనికి రోజూ రమ్మనడం న్యాయమా అని ఒక తండ్రి నన్ను నిలదీశారు. నా దగ్గర దానికి మంచి జవాబు లేదు. దూరం నుంచి వచ్చేవాళ్లు వారానికి నాలుగు రోజులు చాలని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

ఏ నెలలు మంచివి?

వేసవి సెలవులు. ఎండలు మండిపోతాయి గానీ గాలిలో తేమ తక్కువున్న పగటి వేళ చూసి కాగితాలు, బట్టలు తీయడం వీలవుతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం ఉంటుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. పైకప్పు కారే కాలంలో బీరువాలు మూసి ఉంచడమే పని. విజయనగరంలో దసరా తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఆ రెండు మూడు రోజులు ఊళ్లో ఏ ఆఫీసూ సరిగా నడవదు, ఆ వారం పెట్టుకోకండి.

మొదటిరోజు ఏం తీసుకెళ్లాలి? ఏం వేసుకోవాలి?

పెన్సిల్, రబ్బరు, మెత్తటి కొలత టేపు, నోట్‌బుక్, వాటర్ బాటిల్. వాటర్ బాటిల్ గది బయటే. పెన్ను కూడా బయటే, ఎందుకంటే తాళపత్రం మీద పడిన ఇంకు చుక్క పోదు. ఉంగరాలు, బ్రేస్‌లెట్లు, వేలాడే ఐడీ కార్డు తీసేయాలి. దుపట్టా వెనక్కి ముడేసుకోవాలి. నూలు బట్టలు వేసుకోండి. ఈ ఉక్కపోతలో ఫార్మల్స్, టై అక్కర్లేదు.

ఇంకోటి, పొద్దున్నే తలకు కొబ్బరినూనె రాసుకుని అదే చేత్తో వచ్చేయకండి. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరాకే ఏదైనా ముట్టుకోవాలి.

వస్తువులు పట్టుకోవాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

కొంచెం టెన్షన్ ఉండటమే మంచిది. ముందు చూడండి, తర్వాత ఎత్తండి. ఎక్కడ పగులుంది, ఏది ఊడేలా ఉంది, ఎత్తిన తర్వాత ఎక్కడ పెడతారు అన్నది తేల్చుకున్నాకే చెయ్యి వేయాలి. కుండను మూతి పట్టుకుని, చెంబును చెవి పట్టుకుని ఎత్తకూడదు. ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి పక్కన. ఎంత చిన్నదైనా ఒకసారికి ఒక వస్తువే.

గ్లవ్స్ అన్నిటికీ వేసుకోమని సినిమాల్లో చూపిస్తారు. లోహానికి తప్పనిసరి, చెమటలోని ఉప్పు దాన్ని తింటుంది. పాత కాగితానికీ తాళపత్రానికీ మాత్రం శుభ్రమైన పొడి చేతులే మేలు. నూలు గ్లవ్స్‌తో అంచు ఎక్కడుందో వేలికి తెలియదు, చిరిగిపోతుంది.

ఇత్తడి, కంచు చూడగానే చింతపండు వేసి తోమాలనిపించడం మన ఇళ్లలో పెరిగినవాళ్లకు సహజం. దయచేసి ఆ పని చేయకండి. పైనున్న ముదురు పొర లోహాన్ని కాపాడుతోంది. తోమితే ఆ పొరతో పాటు సన్నగా చెక్కిన అక్షరాలు కూడా అరిగిపోతాయి. ఎక్కడైనా లేత ఆకుపచ్చ పొడి రాలుతూ కనిపిస్తే మాత్రం అది రోగం, వెంటనే బాధ్యుల్ని పిలవండి. ఆ వస్తువును మిగతావాటి నుంచి వేరుగా, పొడిగా ఉంచాలి.

తాళపత్రాల కట్టు తాడు మీ అంతట మీరు విప్పకండి. బీరువాలో కలరా ఉండలు వేయాలని కూడా ఎవరో ఒకరు అంటారు, వద్దు. ఆ వాసన మనుషులకూ మంచిది కాదు.

రిజిస్టర్ రాయడం అంటే ఏముంది సార్, పేరు రాసేయడమే కదా?

ఈ ప్రశ్నకే నేను ఎక్కువ సేపు జవాబు చెబుతాను. మ్యూజియం ప్రాణమంతా ఆ రిజిస్టర్‌లోనే ఉంది. వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరిదో రాసి లేకపోతే అది పాత సామాను, అంతే. పాత సామాను కొట్టులో కూడా అలాంటివి దొరుకుతాయి.

ఒక ఇత్తడి చెంబు మీ ముందుంది అనుకోండి. చాలాచోట్ల పాత ఎంట్రీ ఇలా ఉంటుంది: "పాత చెంబు, ఇత్తడి, 1." దీనితో ఎవరికీ ఉపయోగం లేదు. మీరు రాయవలసింది: ఎత్తు, మూతి వెడల్పు, బరువు. మెడ చుట్టూ రెండు గీతలు. ఒకవైపు సొట్ట. అడుగున మసి ఉందా? ఉంటే నీళ్లు కాచడానికి వాడి ఉంటారు. చుక్కలతో పొడిచిన అక్షరాలున్నాయేమో పక్క వెలుగులో చూడండి. పెళ్లికి పెట్టిన సామాను మీద పేరు, ఒక్కోసారి తేదీ కూడా కొట్టించడం మన ఇళ్లలో ఆచారం. ఆ పేరు చదవగలిగితే ఏ ఇంటి ఆడపడుచు ఏ ఊరికి కోడలిగా వెళ్లిందో కూడా తెలుస్తుంది. తర్వాత ఇచ్చినవాళ్ల వివరం: ఎవరు, ఏ ఊరు, వాళ్లకు ఎలా వచ్చింది, ఇంట్లో ఎవరు వాడేవారు. "బుడితిలో చేయించాం" (ఇత్తడి సామానుకు పేరున్న ఊరు అది) అని వాళ్లు చెబితే అలాగే రాయండి, కానీ "కుటుంబం చెప్పిన ప్రకారం" అని ముందు చేర్చండి. చూసిందీ విన్నదీ ఊహించిందీ మూడూ వేర్వేరుగా ఉండాలి.

ఊరి పేరు దగ్గర ఇక్కడి పిల్లలు తడబడే విషయం ఇంకొకటుంది, జిల్లా. శ్రీకాకుళం పట్టణం 1936 వరకు గంజాం జిల్లాలో ఉండేది. ఒరిస్సా వేరు పడినప్పుడు విశాఖపట్నం జిల్లాకు వచ్చింది. 1950లో సొంత జిల్లా అయింది. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చి పాలకొండ అటు వెళ్లింది. ఊరు కదల్లేదు, జిల్లా మాత్రం మారుతూ వచ్చింది. కాబట్టి పాత కాగితంలో "గంజాం జిల్లా" అని ఉంటే తప్పనుకుని కొట్టేయకండి. ఉన్నది ఉన్నట్టు రాసి, పక్కన నేటి మండలం, జిల్లా రాయండి. ఇంగ్లీషు వాళ్ల రికార్డుల్లో శ్రీకాకుళం "చికాకోల్"గా ఉంటుంది. ఇక విజయనగరం అనగానే హంపీ అనుకుని కృష్ణదేవరాయల కాలానికి నెట్టేసే ఎంట్రీలు కూడా నా కంటపడ్డాయి. మన విజయనగరం కోట 18వ శతాబ్దం మొదట్లో కట్టింది.

నంబరు వేయడానికీ ఒక పద్ధతుంది. కనిపించే ముఖం మీద వేయకూడదు, అడుగునో వెనకో వేయాలి. లోహం, మట్టి వస్తువులకు ముందు పలచగా పారదర్శకమైన రెసిన్ పూత వేసి, అది ఆరాక దానిపైన నంబరు రాస్తారు. ఎప్పుడైనా తీసేయాలంటే వస్తువుకు దెబ్బ తగలకుండా వచ్చేస్తుంది. బట్టకైతే నంబరు రాసిన నూలు పట్టీని రెండు కుట్లతో పట్టిస్తారు. కాగితం వెనక మెత్తటి పెన్సిల్. సెల్లోటేపు దేనికీ వద్దు.

పాత తేదీలు అర్థం కావడం లేదు. ఎలా లెక్కపెట్టాలి?

ముందు తెలుగు అంకెలు నేర్చుకుని రండి. ౪, ౫, ౬ చూసి తెల్లమొహం వేసే తెలుగు మీడియం పిల్లలు కూడా ఉన్నారు. తాళపత్రాల మీద పేజీ నంబర్లన్నీ ఆ అంకెల్లోనే ఉంటాయి.

శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం. శక 1203 అంటే 1281. జమీందారీ కాగితాల్లో ఫసలీ, అంటే భూమి శిస్తు లెక్కల ఏడాది, కనిపిస్తుంది, దానికి 590 కలపాలి. ఫసలీ 1350 అంటే 1940 జూలై నుంచి 1941 జూన్ వరకు.

ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కళింగ గాంగుల శాసనాలు వేరే లోకం. తొలి గాంగుల రాగిరేకుల మీద గాంగ శకం ఉంటుంది, అది క్రీ.శ. 498 ప్రాంతంలో మొదలైందని చరిత్రకారులు లెక్కగడతారు. తర్వాతి రాజుల శాసనాల్లో "అంకం" వస్తుంది. రాజు ఏలుబడిలో ఎన్నో ఏడో చెప్పే లెక్క అది, కానీ నేరుగా లెక్కపెట్టకూడదు. 1 ఉండదు. 6తో ముగిసేవి ఉండవు. 10 తప్ప సున్నాతో ముగిసేవి ఉండవు. అంటే 2, 3, 4, 5, 7, 8, 9, 10, 11. 11వ అంకం అంటే నిజానికి తొమ్మిదో ఏడు. శ్రీకూర్మం, ముఖలింగం గుళ్లకు వెళ్లి శాసనాలున్న స్తంభాల ముందు నిలబడే ముందు ఇది కాగితం మీద రెండుసార్లు వేసి చూసుకోండి.

గిడుగువారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్నప్పుడు ముఖలింగం గుడి శాసనాలను ఎవరూ నేర్పకుండా సొంతంగా చదవడం నేర్చుకున్నారు. ఇప్పుడు చేతిలో ఫోనుంది, లిపి పట్టికలున్నాయి. అయినా మొదటి పంక్తి విడివిడిగా గుర్తుపట్టడానికి ఒక పూట పడుతుంది. అది మామూలే.

పెద్దవాళ్లను ఇంటర్వ్యూ చేయమన్నారు. ఏం అడగాలి?

"మీ కాలంలో ఎలా ఉండేది తాతా?" అని అడిగితే "బాగుండేది బాబూ" అంటారు, అయిపోతుంది. వస్తువునో, దాని ఫొటోనో చేతికిచ్చి మొదలుపెట్టండి. పొలానికి నీళ్లు తోడే ఏతాం ఫొటో చూపించి, దీని మీద ఎవరు ఎక్కేవారు, ఎవరు నీళ్ల బాన తిప్పేవారు, ఏ నెలలో వేసేవారు, విరిగితే ఎవరు బాగుచేసేవారు, కూలి డబ్బులా గింజలా అని అడగండి. గింజలంటే కుంచాలు, అడ్డలు లాంటి పాత కొలతలు వస్తాయి. కుంచానికి రెండు అడ్డలు, అడ్డకు రెండు మానికలు అని వాళ్లే చెబుతారు.

రికార్డు చేసే ముందు అనుమతి అడగాలి. మామ్మ "అప్పుడేటి సేసీవోలమంటే" అంటే అలాగే రాయండి, పుస్తక భాషలోకి దిద్దొద్దు. మన్యం వైపు సవర, జాతాపు గిరిజనుల ఊళ్లకు వెళితే అక్కడి మాట తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లండి. వాళ్లను ప్రదర్శనలో వస్తువుల్లా ఫొటోలు తీసి రావడం పద్ధతి కాదు. గిడుగువారు సవర భాష నేర్చుకోవడానికి ఏళ్లు వెచ్చించారు, 1930లలో వ్యాకరణం, నిఘంటువు వేశారు. మనం కనీసం మధ్యాహ్నమంతా కూర్చుందాం.

లేబుల్ ఎలా రాయాలి?

యాభై అరవై మాటల్లో, ఏడో తరగతి పిల్లవాడు నిలబడి చదివేలా. కొన్ని చోట్ల లేబుళ్లు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు: "మత్స్య హనువుతో నిర్మితమగు కార్పాస శోధన పరికరము." వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగువారు పుట్టిన జిల్లాలో ఇదా! ఇలా రాయండి:

"వాలుగ చేప దవడ ఎముక. పొందూరు ఖాదీ పనిలో మొట్టమొదటి పనిముట్టు. సన్నటి పళ్లున్న ఈ ఎముకతో కొండపత్తిని దువ్వెనతో దువ్వినట్టు దువ్వి, చెత్త తీసి, నారను ఒక వైపుకు సాపు చేస్తారు. ఆ తర్వాతే గింజ తీయడం, ఏకడం, రాట్నం మీద వడకడం. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లు చేస్తారు."

ఎవరు చేస్తారు అన్న చివరి వాక్యం వదిలేయకండి. లేబుళ్లలో రాజుల పేర్లుంటాయి గానీ పని చేసినవాళ్లు కనబడరు.

ఫొటోలు తీసుకోవచ్చా? రీల్స్?

పనికి సంబంధించిన ఫొటోలు, ఫ్లాష్ లేకుండా, స్కేలు పక్కన పెట్టి. వాటిని ఇన్‌స్టాలో పెట్టాలంటే అడిగి పెట్టండి. స్టోర్‌రూమ్, తాళాలు, కెమెరాలు కనిపించే వీడియోలు అస్సలు వద్దు. ఊరి పొలాల్లో ఒంటరిగా ఉన్న విగ్రహం లొకేషన్ పెట్టడం దొంగకు దారి చూపించడమే.

చూడటానికి వచ్చినవాళ్లు విగ్రహానికి పసుపు, కుంకుమ పెడుతుంటే ఏం చేయాలి?

చెప్పులు విప్పి దండం పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి, అందులో మనకు పోయేదేమీ లేదు. పసుపు, నూనె మాత్రం ఆపాలి. "అమ్మా, అది పెడితే రాయి పాడవుద్ది" అని మెల్లగా చెబితే వింటారు. బోర్డు చూపించి గద్దిస్తే వినరు.

మా ఇంట్లో తాళపత్రాలున్నాయి. మ్యూజియంకి ఇచ్చేయాలా?

ఇవ్వాలన్న నిర్బంధం లేదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువులు, విలువున్న రాతప్రతులైతే 75 ఏళ్లు దాటినవి పురావస్తువులు. శిల్పాలు, రాతప్రతుల వంటివాటికి రిజిస్ట్రేషన్ ఉంటుంది. దేశం దాటించడం నేరం. ఇంట్లోనే ఉంచుకుంటామంటే అటక మీంచి దించి, నేలకు ఆనకుండా, శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి పొడిచోట పెట్టండి. ఫొటోలు తీసి ఇస్తే మ్యూజియానికి అదీ మేలే.

పొలం దున్నుతుంటే దొరికినవాటి సంగతి వేరు. భూమిలో దాగి ఉండి దొరికిన, పది రూపాయలు మించిన దేన్నయినా కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. వీఆర్వోకో తహసీల్దారుకో చెప్పండి. దొరికిన చోటు ఫొటో తీయండి. నాణేలను కడగొద్దు, పంచుకోవద్దు.

అబ్బాయి ఎంపీసీ చదువుతున్నాడు. దీనివల్ల ఉద్యోగం వస్తుందా?

దీనివల్లే వస్తుందని చెబితే అబద్ధం. మ్యూజియం ఉద్యోగాలు తక్కువ, నోటిఫికేషన్లు అరుదు. ఇష్టం గట్టిగా ఉంటే ఆంధ్రా యూనివర్సిటీలో చరిత్ర, పురావస్తు శాస్త్రం చదవొచ్చు. బరోడా, బెనారస్, కలకత్తా యూనివర్సిటీల్లో మ్యూజియాలజీ ఉంది. గ్రూప్స్ రాసేవాళ్లకు స్థానిక చరిత్ర కాస్త పనికొస్తుంది. మిగతావాళ్లకు మిగిలేది, చూసిందాన్ని చూసినట్టు రాయగలగడం. అది ఏ ఆఫీసులోనైనా అరుదైన సరుకే.

సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు? రిపోర్ట్‌లో ఏం రాయాలి?

లాగ్‌బుక్ ఏ రోజుకారోజు నింపి సంతకం చేయించుకోండి. ఆఖరి రోజు అన్నీ ఒకేసారి రాసి తెస్తే ఎవరూ సంతకం పెట్టరు. రిపోర్ట్‌లో మ్యూజియం చరిత్ర ఇంటర్నెట్ నుంచి దించి పది పేజీలు నింపకండి. మీరు రాసిన ఎంట్రీల్లోంచి మూడు తీసుకుని, వాటి వివరం ఎలా రాబట్టారో రాయండి.

వెళ్లే ముందు మీ ఫైళ్లు అప్పగించాలి. ఫొటో పేరు వస్తువు నంబరుతోనే ఉండాలి, "ఐఎంజీ 2034" అని కాదు. ఇంటర్వ్యూ రికార్డింగు పక్కన అనుమతి పత్రం ఉండాలి. సగంలో ఆగిన పని ఎక్కడ ఆగిందో ఒక కాగితం మీద రాసి రిజిస్టర్‌లో పెట్టండి. మీ తర్వాత వచ్చే పిల్ల అక్కడి నుంచి మొదలుపెడుతుంది. స్టోర్ తాళం చెవి మీ దగ్గర ఉంటే అది కూడా ఇచ్చేసి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి.